తేట నీళ్ల దరఖాస్తు

కర్నూలులో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే ఉద్యోగం మానేశాక నేను ఏం చేస్తున్నానో మా బంధువులకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. "అప్లికేషన్లు రాస్తాది" అంటారు, ఏదో మీసేవ కేంద్రంలో కూర్చున్నట్టు. మాటలో తప్పేమీ లేదు. కొత్త యంత్రమో, కొత్త పద్ధతో కనిపెట్టినవాళ్లకు, చిన్న కంపెనీలకు ప్రభుత్వం పరిశోధన గ్రాంట్లు ఇస్తుంది. తిరిగి కట్టనక్కర్లేదు. కాకపోతే వాళ్లకు నచ్చే భాషలో అడగాలి. ఆ భాష నాకు వచ్చునని ఒకప్పుడు నాకు గర్వంగా ఉండేది.

ఒకరోజు ఒక అమ్మాయి బేతంచెర్ల నుంచి రైలెక్కి నా దగ్గరికి వచ్చింది. మెకానికల్ డిప్లొమా చదివింది. తండ్రి బండల పాలిష్ ఫ్యాక్టరీలో కోత మిషను నడుపుతాడు. బండ కోస్తున్నంతసేపూ రంపం మీద నీళ్లు పడుతూనే ఉండాలి. ఆ నీళ్లు రాతిపొడితో కలిసి తెల్లటి బురదగా పక్క చేలల్లోకి పోతాయి. ఎండాకాలం బోరు ఎండితే ఫ్యాక్టరీ మూతపడుతుంది, కూలి ఆగిపోతుంది. ఈమె ఆ బురదలోంచి నీళ్లను తొందరగా వేరుచేసి మళ్లీ మిషనుకే పంపే తొట్టి ఒకటి తయారుచేసింది. నీళ్లు తేరడానికి వాడింది చిల్లగింజల పొడి. వాళ్ల అవ్వ కుండ లోపల చిల్లగింజ అరగదీసి వంకనీళ్లను తేర్చుకునేదట.

నా బల్ల మీదే రెండు గాజు గ్లాసుల్లో బురదనీళ్లు పోసి, ఒకదాంట్లో చిటికెడు పొడి వేసి కలిపింది. నేను టీ తాగేలోపు ఆ గ్లాసు అడుగున సున్నంలాంటి పొర, పైన తేట నీళ్లు. రెండో గ్లాసు ఇంకా మజ్జిగలాగే ఉంది.

నేను దరఖాస్తు రాశాను. చిల్లగింజ అన్న మాట తీసేసి, పలకడానికి నాకే కష్టమైన రసాయనశాస్త్రం పేరు పెట్టాను. అవ్వ ప్రస్తావన ఎగిరిపోయింది. బేతంచెర్ల చిరునామా చూస్తే చిన్నచూపు చూస్తారని కర్నూలులోని మా ఇంటి చిరునామా ఇచ్చాను. మూడు నెలలకు తిరస్కరణ వచ్చింది. ఇలాంటివి చాలామంది చేస్తున్నారు, ఇందులో కొత్తదనం లేదు అని ఒకే ఒక్క వాక్యం.

ఆమె ఏడవలేదు. "మీరు రాసింది ఒకసారి తెలుగులో చదివి చెప్పండి మేడమ్" అంది. పేజీ తర్వాత పేజీ చెప్పుకుంటూ పోయాను. చివరిదాకా విని అడిగింది.

"ఇందులో నేను యాడుండా మేడమ్?"

పదిహేనేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఆ ఒక్క ప్రశ్నకు తల దించుకున్నాను. ఆ తర్వాత నా మీదే నాకు కోపం వచ్చింది.

రెండోసారి ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను. చిల్లగింజను చిల్లగింజ అనే అన్నాను. మొదటి పుటలోనే బేతంచెర్ల పెట్టాను. ఈసారి వీడియోలో ఇంటర్వ్యూకి పిలిచారు. మా ఇంట్లో గోడకు తెల్లటి దుప్పటి కట్టి ఏర్పాటు చేస్తానంటే ఆమె ఒప్పుకోలేదు.

"ఫ్యాక్టరీలోనే మాట్లాడతా. తొట్టి ఆడుండాది, నేను ఈడ కూర్చుంటే ఏం చూపించేది?"

పోయి షెడ్డులో ఒక స్టూలు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాం. వెనక రంపం అరుస్తోంది. తెర మీద ఐదుగురు. ఎక్కడైనా నిశ్శబ్దంగా ఉన్న గదిలోకి వెళ్లమని వాళ్లలో ఒక పెద్దాయన విసుక్కున్నాడు. ఆమె తెలుగులో చెప్పింది, నేను ఇంగ్లీషులోకి మార్చాను.

"మిషను నిలిపితే నీళ్లు రావు సార్. నీళ్లు రాకుంటే మీరు చూసేదానికి ఏముండాది?"

అన్నాక ఆమె ల్యాప్‌టాప్ ఎత్తి తొట్టి అంచు మీదికి పట్టుకుంది. బురద ఒకవైపు దిగుతోంది, తేరిన నీళ్లు ఇంకోవైపు పైపులోకి పోతున్నాయి. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. పొడి ఎంత, బురద చిక్కబడితే ఏం చేస్తారు, వానాకాలం గింజ దొరుకుతుందా. అన్నీ పని తెలిసినవాళ్లు అడిగే ప్రశ్నలే.

గ్రాంటు మంజూరైంది. ఉత్తరం చివర ఒక షరతు ఉంది. పరిశోధన అంతా నగరంలోని ఒక గుర్తింపు పొందిన కేంద్రంలోనే జరగాలట.

వాళ్ల నాయన నన్ను బతిమాలినట్టే అడిగాడు. "ఒప్పుకోమని చెప్పండి మేడమ్. చర్చిలో అందరూ అడుగుతాండారు. పెట్టే చేతిని ఎవరైనా వద్దంటారా?"

"బురద ఈడుంటే నేను నగరంలో ఏం తేర్చేది నాయనా?" అంది ఆమె. నా వైపు తిరిగింది. "రాయండి మేడమ్. పోము అని రాయండి."

అలాంటి ఉత్తరం అంతకుముందెప్పుడూ రాయలేదు. ఇచ్చినందుకు ధన్యవాదాలు, షరతుకు ఒప్పుకోలేము, కారణాలివీ అని ఒకటిన్నర పేజీ రాశాను. వినయంగా ఉండే మాటలు నాలుగు రాసి మళ్లీ నేనే కొట్టేశాను. పంపాక ఎందుకో చాలా ఏళ్ల తర్వాత బాగా ఆకలేసింది నాకు, కడుపునిండా రాగిసంగటి తిన్నాను.

జవాబు లేదు. రెండుసార్లు గుర్తుచేశాం. ఊళ్లో కొందరు "వచ్చిన లక్ష్మిని కాలదన్నుకున్యారు" అన్నారు. నాయన కూతురితో మాట్లాడటం తగ్గించాడు. ఆమె మాత్రం రోజూ తొట్టి దగ్గరికి పోయి, ఎంత బురద, ఎంత నీరు అని నోటుపుస్తకంలో రాసుకుంటూనే ఉంది.

చివరికి ఆ షరతు తీసేశామని ఉత్తరం వచ్చింది, మధ్యలో ఒక అధికారి వచ్చి పని చూస్తాడని కూడా. ఆయన వచ్చిన రోజు నాయనే మిషను నడిపాడు. అధికారి బూట్లు తెల్లగా బురదైపోయాయి. "నగరానికి వచ్చుంటే మీకు ఇంకా సులభంగా ఉండేది కదమ్మా" అన్నాడు.

"మాకు ఈడే సులభం సార్" అంది ఆమె. అని, తొట్టి అడుగున ఉన్న వాల్వు చూపించడానికి వంగింది. ఆయన కూడా ప్యాంటు పైకి మడుచుకుని, పక్కనే గొంతుక్కూర్చున్నాడు.