గోడవైపు తిరిగిన డ్రిల్లు సారు

డ్రిల్లు సారు పోయారని గద్వాల బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే తెలిసింది. సగం చాయ్ అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను. అమ్మకు ఎలా చెప్పాలా అని దారంతా తంటాలు పడ్డాను కానీ, విన్నాక ఆమె అన్నది ఒక్కటే మాట.

"నా చేతి చాయ్ తాగిపోయి చెప్పిండు."

ఏళ్లు గడిచినా ఆ మంట చల్లారలేదన్నమాట. నాది మాత్రం చల్లారిందా? పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. ఆయన గురించి రాయడానికి మంచి బోలెడుంది. నా కడుపుమంటంతా అందుకే.

బడిలో నాకు డ్రిల్లు నేర్పింది ఆయనే. చేతిలో బెత్తం ఉండేది కాదు, మెడలో విజిల్ ఉండేది. మమ్మల్ని ఎండలో నిలబెడితే తనూ ఎండలోనే నిలబడేవారు. "ఒంటిని రోజు పలకరియ్యాలె, అప్పుడే మన మాట ఇంటది" అనేవారు. రిటైరయ్యాక కూడా సైకిలు మీద మా నేతగాళ్ల వీధికి వచ్చి, ఎవరి నడుము ఎలా ఉందో కనుక్కుని పోయేవారు. అమ్మ ఆయన్ను 'అన్నా' అని పిలిచేది.

ఎనభైల చివర్లో పట్నం నుంచి డాక్టర్లు వచ్చారు. మగ్గం గుంటలో కాళ్లు దించి పొద్దంతా తొక్కేవాళ్ల మోకాళ్ల నొప్పికి మందు గోళీలు మంచివా, కసరత్తు మంచిదా తేల్చాలని వాళ్ల పరీక్ష. ఎవరికి ఏది అన్నది చీటీలు తీసి నిర్ణయించారు. ఒకరిది ఇంకొకరు ముట్టకూడదన్నారు. కసరత్తు నేర్పే పని సారుకు అప్పజెప్పారు. డాక్టర్లను చూసి కాదు, సారును చూసి మా వీధంతా పేర్లిచ్చింది.

అమ్మకు కసరత్తు వచ్చింది. పక్కింట్లో ఉండే మా మేనత్తకు గోళీలు వచ్చాయి. మగవాడి ముందు కాళ్లు చేతులు ఆడించడానికి ఆడవాళ్లు సిగ్గుపడితే, సారు వీధి చివరి గోడవైపు తిరిగి నిలబడ్డారు. ముందు ఆయన చేసేవారు, ఆయన వీపును చూసి వీళ్లు చేసేవారు. ఎత్తిన కాలు దించాలంటే విజిల్ పడాలి. అంతసేపట్లో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగేవారు కాదు.

మా ఇళ్లల్లో ఏది వచ్చినా పంచుకోకుండా నోట్లో వేసుకోవడం తెలియదు. మేనత్త అడకత్తెరతో గోళీని రెండు ముక్కలు చేసి ఒక ముక్క అమ్మకిచ్చేది. అమ్మ తలుపు వేసి ఆమెకు కసరత్తు నేర్పేది. వీధిలో తక్కినవాళ్లదీ ఇదే వరస. అది తప్పని ఎవరికీ తోచలేదు. పైగా ఇద్దరి మోకాళ్లూ తేలికపడ్డాయి.

ఒకరోజు సారు మా ఇంటికి వచ్చినప్పుడు, అమ్మ చెయ్యి ఆనించకుండానే మగ్గం గుంటలోంచి లేచింది. ఆయన మురిసిపోయి, ఇంత తొందరగా ఎలా నయమైందని అడిగారు. అమ్మ చాయ్ ఇచ్చి, అడకత్తెర సంగతంతా నవ్వుతూ చెప్పేసింది. ఆయన చాయ్ చివరిదాకా తాగి, గ్లాసు కిందపెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు.

డాక్టర్లు మళ్లీ వచ్చిన రోజున, దవాఖాన వరండాలో అందరి ముందూ ఆయన లేచి నిలబడ్డారు. "నేతగాళ్ల వీధిల గోళీలు, కసరత్తు కలిసిపోయినయి. వీళ్లను లెక్కల తీసుకోకుండ్రి" అన్నారు. గోళీలు వెనక్కి తీసుకున్నారు, మా వీధిని పరీక్షలోంచి తీసేశారు. అమ్మ ఆయన ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. ఆయన నేల చూపులు చూశారు.

మర్నాడు పొద్దున్నే వీధి చివర విజిల్ వినిపించింది. డాక్టర్లు పంపకపోయినా ఆయన వచ్చారు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆయన గోడవైపు తిరిగి, వెనకాల అందరూ ఉన్నట్టే మొత్తం కసరత్తు చేసి వెళ్లారు. అలా చాలా రోజులు వచ్చారు. ఆ మనిషి నేర్పిన కసరత్తు తనకొద్దని అమ్మ గడియ తీయలేదు. మోకాళ్లు మళ్లీ బిగుసుకుపోయాయి. కొన్నాళ్లకు గుంటలోకి దిగడం మానేసింది, ఆ తర్వాత మంచానికే పరిమితమైంది. నా చేతికి నేతపని నేర్పిన అమ్మ ఇప్పుడు మంచం మీది నుంచి నా మగ్గం చప్పుడు వింటుంది.

ఒకసారి కొత్తకోటలో బస్సు కోసం నిలబడి ఉంటే ఆయన కనిపించారు. ఎందుకట్లా చేశారని అడిగేశాను. "ఈ తప్పుడు లెక్కతోని రేపు ఇంకెవలి అమ్మకో పనికిరాని మందు ఇస్తరు, బిడ్డా" అన్నారు. ఆ మాటలో తప్పు పట్టలేకపోయాను. అందుకే ఇంకా ఒళ్లు మండింది. ఇంతకీ ఏది మంచిదని తేలిందో మా వీధికి ఎవరూ వచ్చి చెప్పలేదు. ఆయనకూ చెప్పలేదట.

ఇంటికొచ్చి ఆయన జవాబు అమ్మకు చెప్పాను. విని అంది.

"ముందుగాల నాకు చెప్తే నేనే పోయి ఒప్పుకుంటుంటి గద. అన్నా అని పిలిచిన కదరా ఆయనను."

నిన్న వెళ్లి సారు పాదాలకు దండం పెట్టి వచ్చాను. అమ్మ రానంది, ఆటో మాట్లాడతానన్నా వద్దంది. ఈ పొద్దున నేను లేచేసరికి మంచం అంచున గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. ఒక కాలు ముందుకు చాపి, పైకెత్తి పట్టుకుంది. తొడ వణుకుతున్నా దించడం లేదు.

విజిల్ పడలేదు మరి.