అత్త బరువూ, వెనక బ్రేకూ

ఆ రోజుల్లో, అంటే నాకు కొత్తగా ఉద్యోగం దొరికిన రోజుల్లో, ఏది చెడిపోయినా నేనే విప్పి చూడాలి (తిరిగి బిగించడం వచ్చా అని మాత్రం ఎవరూ అడగకూడదు). నాయన పాత మోటారు సైకిలు మీద రోజూ చంద్రగిరి నుంచి తిరుపతికి వెళ్లేదాన్ని. నాది సెల్‌ఫోన్ల దుకాణంలో పని. వెనక కూర్చునే మా అత్తది చీరల కొట్లో. అత్త అంటే నాయన చెల్లెలు, నిండైన మనిషి. ఉన్నట్టుండి బండి దారిలో మొరాయించడం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ ఎంత తిప్పినా మూలుగుతుందే గాని ముందుకు సాగదు.

"బండికేం కాలేదు పాపా, మీ అత్తను రవంత తగ్గమను," అని నవ్వాడు నాయన. ఆయనకది తమాషా. అత్త మాత్రం మనసులో పెట్టుకుంది. పొద్దున టిఫిన్ మానేసింది. రాత్రి సంగటి ముద్ద నిమ్మకాయంత అయింది. కొన్నాళ్లకే కొట్లో చీరలు మడతపెడుతూ కళ్లు తిరిగి ఆ చీరల మీదే కూలబడింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్తే, "నువ్వు బండి మీద పో మే. నేను బస్సులో వస్తా. నా మూలాన ఆ బండి సచ్చిపోతా ఉండాది," అంది నీరసంగా. నాకు నవ్వు రాలేదు. తప్పు అత్తదో బండిదో తేల్చాల్సిందేననుకున్నాను.

ఆదివారం పొద్దున్నే స్టాండు వేసి వెనక చక్రం తిప్పాను. గిర్రున తిరిగింది. "సూసినావా?" అన్నాడు నాయన. ప్లగ్గు తుడిచి, టైర్లలో గాలి పట్టించి, ఒక్కదాన్నే తిరుపతి దాకా వెళ్లొచ్చాను. ఖాళీ రోడ్డు మీద బండి హాయిగా పరుగెత్తింది. లెక్క ప్రకారం తప్పు అత్తదే! ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. అత్తను బతిమాలి ఎక్కించుకుని మళ్లీ అదే దారి పట్టాను.

"మే, గుంత! బ్రేకు ఎయ్యి! అదో, ఆవు వస్తా ఉండాది! మెల్లిగా పో మే!" అత్త అరిచినప్పుడల్లా నా కాలు బ్రేకు తొక్కింది. ఊరు దాటగానే మూలుగు మొదలు. దిగి చూస్తే వెనక చక్రం మధ్యనున్న డ్రమ్ము పెనంలా కాగిపోయి ఉంది. చక్రం చేత్తో తిప్పితే కదల్లేదు. పెడలు నుంచి వచ్చే కడ్డీ విప్పేశాను. అప్పుడూ కదల్లేదు. అయితే పెడలుది కాదు తప్పు. డ్రమ్ము పక్కనున్న బ్రేకు మీటను వెనక్కు తోశాను. చక్రం వదిలింది!

"అత్తా, నీ బరువు కాదు! తొక్కిన బ్రేకు వదలకుండా పట్టుకోనుండాది!" అని రోడ్డు మీదే గంతేశాను.

"నిజమేనా మే? నన్ను ఓదార్సేదానికి సెప్తా ఉండావా?" అత్త అనుమానంగా నీళ్ల సీసాలోంచి డ్రమ్ము మీద నాలుగు చుక్కలు చిలకరించింది. సుయ్‌మంది. ఆ చప్పుడుకు అత్త మొహం వెలిగిపోయింది.

ముందు చక్రం బ్రేకుతోనే మెల్లగా ఇల్లు చేరి, వరండాలో చక్రం ఊడదీశాను. మీట తిరిగే ఇరుసు ఎండిపోయి తుప్పు పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది, డ్రమ్మును పట్టే బ్రేకు షూలకు అంటకుండా పలచగా గ్రీజు రాశాను. అంతా బిగించాక ఒక వాషరు మిగిలింది. నాయన దగ్గాడు. మళ్లీ మొత్తం విప్పాను. ఈసారి తొక్కిన పెడలు టక్కున పైకి లేచింది. "అయితే మా సెల్లెలు అరిసినందుకే కదా నువ్వు అన్నిసార్లు..." అని నాయన మొదలుపెట్టాడు గాని, నేను కళ్లెర్రజేస్తే ఇంట్లోకి జారుకున్నాడు.

సోమవారం అత్త కడుపునిండా ఇడ్లీలు తిని, ధీమాగా బండెక్కింది.

ఇప్పుడు నా స్కూటరు కాస్త కీచుమన్నా తాళాలు షెడ్డులో ఇచ్చేసి, ఫోను చూసుకుంటూ కూర్చుంటాను. మోచేతుల దాకా గ్రీజు పూసుకున్న ఆనాటి పిల్ల నన్ను చూస్తే పగలబడి నవ్వుతుంది. నవ్వనీ. ఆ నవ్వు వినాలని నాకూ ఉంది.