దివిసీమలో బోణీ భోజనం

కోపం తగ్గాక రాద్దామని ఎనిమిది నెలలు ఆగాను. తగ్గలేదు.

మా బావగారు, అంటే మా అక్క భర్త, మా సంఘంలో పెద్ద. నాలుగు రోజులు సువార్త కూటాలు నడిపించి అలిసిపోయారు. "శనివారం ఊరికే అలా తిరిగొద్దాం. ఎక్కడ ఏది బాగుంటే అది తిందాం" అన్నారు. అక్క, ఆయన, నేను కారులో బయలుదేరాం. గుడివాడలో కారప్పొడి, నెయ్యి వేసుకుని ఇడ్లీ తిన్నాం. బందరులో మిఠాయి కొట్టు దగ్గర ఆగాం. గల్లాపెట్టె పైన పటాలకు అప్పుడే అగరొత్తులు వెలిగించారు. వాటి ముందు చిన్న పళ్ళెంలో పెట్టినవి మేం కొన్న తొక్కుడు లడ్డూలే. బావగారు అక్కడే రెండు తిని, ఇంటికి కిలో కట్టించుకున్నారు. నేనూ తిన్నాను. మాలో ఎవరికీ ఏ సందేహమూ రాలేదు.

పులిగడ్డ వంతెన దాటి దివిసీమలోకి వచ్చేసరికి ఒంటిగంటయింది. నాగాయలంక దగ్గర ఒక పల్లెలో, చేపల వేటకు వెళ్ళే వాళ్ళింట్లో భోజనం పెడతారని విని ముందే ఫోన్ చేశాం. రేకుల పంచలో రెండు బల్లలు. స్టీలు కంచాలకు కొట్టువాడు అంటించిన కాగితాలు ఇంకా ఊడలేదు.

"రండి అక్కగారూ, రండి. మీదే బోణీ అండి. పొయ్యి ఇయ్యాలే వెలిగించాం" అంది ఆ ఇంటావిడ. ముప్పయ్యేళ్ళుంటాయి. పీతల ఇగురు, చింతచిగురు రొయ్యలు వడ్డించింది. ఆ వాసనకే నా ఆకలి రెట్టింపయింది.

అప్పుడు బావగారి చూపు పొయ్యి పక్కనున్న ఆకు మీద పడింది. దాంట్లో ముద్దెడు అన్నం, ఒక పీత కాలు, పైన పసుపు.

"అదేంటమ్మా? దేవతకి పెట్టారా?"

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "గంగమ్మకండి. కొత్త పొయ్యి గదండీ. మొదటి ముద్ద ఆ తల్లికి, తర్వాత మీకే. ఇంట్లో వాళ్ళెవరూ ముట్టుకోలేదండి."

బావగారు లేచి నిలబడ్డారు. "విగ్రహార్పితం. మేం తినమమ్మా. డబ్బులిచ్చేస్తాం."

ఆవిడకు అర్థం కాలేదు. "నోట్లో పెట్టకుండానే బాలేదంటే ఎలాగండీ?" అంది. లోపలి నుంచి వాళ్ళ అత్తగారి గొంతు వినిపించింది. "నే ముందే చెప్పాను. కొంపలో హోటలేంటే నీకు? బోణీయే లేచిపోతే ఇంకెవడొస్తాడు? రేప్పొద్దున్నే మళ్ళీ చేపల గంప ఎత్తుకో!"

ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అక్క కూడా లేచింది. నేను లేవలేదు.

"బావగారూ, కూర్చోండి. మన ముందు పెట్టింది ఆరా తీయకుండా తినమనే కదా బైబిల్లో అపొస్తలుడు చెప్పింది."

"తర్వాతి మాట చదవలేదా? విగ్రహానికి పెట్టిందని ఎవరైనా చెప్తే తినొద్దన్నాడు."

"ఆవిడ చెప్పలేదు. మీరు అడిగారు. అడగొద్దన్న దాన్ని అడిగి, జవాబొచ్చిందని లేస్తారా? బందర్లో ఎందుకడగలేదు? అక్కడ పటాలు కనబళ్ళేదా? అది పెద్ద కొట్టు, ఇది రేకుల పంచ. అంతేనా తేడా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "సండే స్కూల్లో పిల్లలకి చెప్పుకో నీ వాక్యం. నాక్కాదు. బోణీలు, శకునాలు కూడా నమ్ముతున్నావన్నమాట!"

"నేను నమ్మను. ఆవిడ నమ్ముతుంది. రేపు గంప ఎత్తుకోవాల్సింది ఆవిడ."

"నువ్వు తింటే రేపు ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి రావద్దు" అని ఆయన బయటికి నడిచారు. అక్క నా వైపు చూసింది, కూర వైపు చూసింది, ఆయన వెనకే వెళ్ళిపోయింది. పాతికేళ్ళుగా ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుని వాక్యం విన్నవాళ్ళం. అక్క మీద వచ్చిన కోపం ఇప్పటికీ బావగారి మీద కోపం కంటే ఎక్కువ. ఆయన తప్పే ఒప్పని నమ్మి లేచారు. ఇది తప్పని తెలిసీ లేచింది అక్క.

అన్నం కలపబోయాను.

"అక్కగారూ, మీరు కళ్ళు మూసుకుని ఏదో చెప్పుకుని తింటారంట గదండీ" అంది ఆవిడ మెల్లగా. "చెప్పుకోండి. నేనాగుతాను."

గరిటె గిన్నెలో పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, నాకు ఎదురుగా నిలబడింది. అంతసేపు వాక్యం కోసం వాదించిన నేను ప్రార్థన మర్చిపోయాను. కళ్ళు మూసుకున్నాను. బయట బావగారు హారన్ కొడుతూనే ఉన్నారు. ఎలాగో "ఆమెన్" అన్నాను.

"పీతలు చల్లారిపోతన్నాయండి" అంది ఆవిడ.

రెండుసార్లు వడ్డించుకుని, తీరిగ్గా తిన్నాను.