శనివారం కాఫీ, వన్ బై టూ

మా ఇంట్లో ఫ్యాను నాలుగు మీద తిరగదు. నాలుగు మీద పెట్టి స్నానానికి వెళ్తాను, వచ్చేసరికి రెండు మీద ఉంటుంది. ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించాను. రెగ్యులేటర్ విప్పి, ఊది, మళ్ళీ బిగించి, "శుభ్రంగా ఉందండీ, మీరే తగ్గించి మర్చిపోతున్నారేమో" అన్నాడు. నేను మర్చిపోలేదు. మా అక్క తగ్గిస్తోంది. అక్క పోయి అప్పటికి మూడు నెలలు.

ఈ మాట నేను చెప్తే ఎవరూ నమ్మరని తెలుసు. ఆటోనగర్‌లో లారీ సామాన్ల కొట్లో ఇరవై ఏళ్ళుగా కౌంటర్ దగ్గర నిలబడుతున్నాను. ఒక బ్రేకు లైనింగు అమ్మాలంటే, అది వేసుకున్న లారీ దారికి గేదె అడ్డం వస్తే డ్రైవరు నిద్రలో ఉన్నా తనంతట తానే ఆగిపోయిందని చెప్తాను. బందరు కాలవలో ఎప్పుడో నేను పట్టిన కొర్రమీను ఏడాదికో జానెడు చొప్పున ఇంకా పెరుగుతూనే ఉంది. కాబట్టి మీరూ నమ్మకపోయినా నేనేమీ అనుకోను. కాని ఫ్యాను సంగతి మాత్రం నిజం.

అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్ద. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. పామర్రు బళ్ళో టీచరుగా చేసి, రోజూ బస్సులో వెళ్ళొచ్చి, అలాగే రిటైరైంది. తను పెళ్ళి చేసుకోలేదు. నాకు చేద్దామని చూసింది గాని, నా కబుర్లు విన్నాక ఏ పెళ్ళికూతురివాళ్ళూ రెండోసారి ఫోను చెయ్యలేదు. అలా రెండు గదుల అద్దె వాటాలో అక్కా తమ్ముళ్ళం మిగిలాం.

మా ఇంట్లో ఏదీ ఒక్కసారితో చచ్చేది కాదు. తువ్వాలు కొన్నేళ్ళు ఒళ్ళు తుడిచి, చిరిగాక వంటగదిలో మసిగుడ్డై, ఆ తర్వాత నేల తుడిచి, చివరికి నా స్కూటర్ సీటు కింద చేరేది. అరిగిన సబ్బుముక్క కొత్త సబ్బు వీపెక్కి ఇంకో నెల బతికేది. పేస్టు ట్యూబుని కత్తెరతో చీల్చి, లోపలిది వేలితో గీకి మూడు రోజులు తోముకునేవాళ్ళం. పాల ప్యాకెట్టు కడిగిన నీళ్ళు టీలోకి, బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు కుండీలోకి. నా చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చేది కాదు. తడి చల్లి, మడిచి, పరుపు కింద పెట్టేది. నేను నా చొక్కాల మీదే పడుకుని నా చొక్కాలు ఇస్త్రీ చేసుకునేవాణ్ణి. ఇలాంటి ఇంట్లో మనిషి మాత్రం ఒక్కసారితో ఎలా పోతుంది?

అంత పొదుపు మనిషికీ శనివారం ఉండేది. సాయంత్రం నాలుగింటికి మంగళగిరి చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బీసెంట్ రోడ్డు సందులో ఉన్న టిఫిన్ హోటల్‌కి వెళ్ళేది. ఒక ప్లేటు పునుగులు, ఒక కాఫీ. ఆ ఒక్క కాఫీనీ రెండు కప్పుల్లో సగం సగం పోసి తెస్తారు, వన్ బై టూ. ధరల బోర్డుకి వీపు పెట్టి కూర్చునేది. అక్కడున్నంతసేపూ ఏది ఎంతో మాట్లాడకూడదు, కంగారు పడకూడదు, మిగతా వారం గురించి ఏడవకూడదు.

"ఈ అరగంటా మనం జమీందార్లం రా," అనేది. "అదిగో, ఆ ఫ్యాను చూడు ఎలా తిరుగుతోందో. తిరగనీ. కరెంటు వాళ్ళది."

రెండు కప్పులూ పక్కపక్కన పెట్టి మట్టం చూసి, ఎక్కువున్నది నా వైపు జరిపేది. "నాకు నురగ పడదు" అనేది. ఇంట్లో మజ్జిగ నురగ చెంచాతో తీసుకుని తినే మనిషి. మా వంశంలో అబద్ధాలు నాతో మొదలు కాలేదు.

శ్రావణంలో, వాన కురుస్తున్న ఒక పొద్దున, నా చొక్కా మడిచి పరుపు కింద పెడుతూ మంచం మీద కూర్చుంది. మళ్ళీ లేవలేదు. అంతే.

పెద్దకర్మ అయిన తర్వాత వచ్చిన శనివారం, కాళ్ళు వాటంతట అవే హోటల్‌కి తీసుకెళ్ళాయి. మా టేబుల్ చూసే సర్వరుది గుణదల. అరవైకి దగ్గరపడిన మనిషి, మెడలో నల్లదారానికి చిన్న శిలువ. వాళ్ళమ్మాయి నర్సింగు సీటుకి అప్లికేషను అక్క ఆ టేబుల్ మీదే కూర్చుని నింపిపెట్టింది. సీటొచ్చింది. అప్పట్నుంచి టీచర్ గారంటే ఆయనకి దేవుడి తర్వాత మనిషి. నేను అడక్కుండానే రెండు కప్పులు తెచ్చిపెట్టి, "టీచర్ గారు రాలేదేంటండీ?" అన్నాడు.

"మోకాళ్ళు," అన్నాను.

ఎందుకన్నానో తెలీదు. నోరు అలవాటు ప్రకారం తన పని తను చేసుకుపోయింది. ఒకసారి అన్నాక ఆ మోకాళ్ళని పోషించాల్సి వచ్చింది. ఒక వారం వాపు. ఇంకో వారం పామర్రు నుంచి ఎవరో నాటువైద్యుడు పొలం పీతల నూనె తెచ్చి రాశాడు. దాంతో నయమై నడుస్తోంది గాని, కాళ్ళు పక్కకే పడుతున్నాయి.

"పక్కకా? పీతలాగానా?" అని సర్వరు పగలబడి నవ్వాడు. "మీరు భలేవారండీ. ఇంతకీ ఎలా ఉందండీ నొప్పి?"

కథని నవ్వి పక్కన పెట్టేవాడు. నొప్పిని మాత్రం నమ్మేవాడు.

నా కప్పు వేడిగా తాగేవాణ్ణి. ఎదురుగా అక్క కప్పు పొగ తగ్గుతూ ఉండేది. పారబోస్తే ఊరుకోదు, అందుకని చల్లారాక అదీ తాగేవాణ్ణి. చల్లటి కాఫీ తాగుతుంటే ఎదుటి కుర్చీలోంచి ఎవరో నా గుటకలు చూస్తున్నట్టుండేది. ఇంటికెళ్తే ఫ్యాను రెండు మీద. పేస్టు ట్యూబు నేను వదిలేసినప్పటికంటే సన్నగా, కిందనుంచి పైకి నొక్కి. ఒక్కోసారి పరుపు కింద చొక్కా, నేను పెట్టిన మడతల్లో కాకుండా ఆవిడ మడతల్లో. భయం వేసేది కాదు. భయమల్లా అవి ఆగిపోతాయేమోనని.

గుణదల కొండ మీద మేరీమాత తిరునాళ్ళప్పుడు ఆ సర్వరు ఒక వారం కనపడలేదు. పై శనివారం కుంటుకుంటూ వచ్చాడు. కప్పులు పెట్టి, జేబులోంచి కాగితంలో చుట్టిన కొబ్బరిముక్క తీశాడు.

"టీచర్ గారికివ్వండి. ఆవిడ మోకాళ్ళ కోసం అమ్మకి మొక్కుకున్నానండీ. కొండ మోకాళ్ళ మీద ఎక్కుతానని."

"ఎక్కారా?"

"సగం ఎక్కానండీ. మిగతా సగం నయమయ్యాక టీచర్ గారు ఎక్కాలి. కాఫీలాగే, వన్ బై టూ." నవ్వి, అటూ ఇటూ చూసి, ప్యాంటు పైకి లాగాడు. రెండు మోకాళ్ళూ చెక్కుకుపోయి ఉన్నాయి. "ఆవిడ రాలేకపోయినా ఏం పర్లేదు లెండి. రేపు ఆదివారం మిగతాది కూడా నేనే ఎక్కేస్తా. మొక్కు సగంలో వదలకూడదు."

నా చేతిలో కొబ్బరిముక్క. ఈ ఊరు మొత్తంలో అక్క బతికున్న చోటు ఆ టేబులొక్కటే. ఇంట్లో ఉన్నది ఫ్యాను తగ్గించే చెయ్యి మాత్రమే. ఇక్కడైతే ఆవిడకి మోకాళ్ళున్నాయి, నొప్పి ఉంది, ఎలా ఉన్నారని అడిగే మనిషి ఉన్నాడు. నేను నోరు విప్పితే ఇక్కడ కూడా పోతుంది. విప్పకపోతే ఈయన రేపు ఆ పుళ్ళ మీదే కొండెక్కుతాడు.

"అక్క లేదండీ," అన్నాను.

"ఊరెళ్ళారా?"

"పోయింది. శ్రావణంలోనే."

ఆయన నవ్వాడు. "అబ్బ, ఇలాంటి వాటి మీద కూడానా సార్? తప్పండీ."

అప్పుడు వాన గురించి, చొక్కా గురించి, మంచం మీద కూర్చోవడం గురించి చెప్పాను. చాలా చిన్న కథ. అందులో ఒక్క గేదె గాని, పీత గాని లేకపోయేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది.

"మరి నా మోకాళ్ళు, సార్?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలీక అడిగినట్టు.

కొబ్బరిముక్క రెండు కప్పుల మధ్య పెట్టాను. ఆయన ఎదుటి కప్పు వైపు చూశాడు. "ఇన్నాళ్ళూ ఇది ఎవరు తాగారండీ?"

"నేనే. చల్లారాక."

ఆ కప్పు తీసుకుని లోపలికెళ్ళాడు. పారబోస్తాడనుకున్నాను. వేడి చేయించి తెచ్చి, ఈసారి నా ముందు పెట్టాడు.

"రెండూ వేడిగానే తాగండి ఇకనుంచి. ఆవిడకి మాత్రం చల్లారిన కాఫీ ఇష్టమా ఏంటి?"

"రేపు మీరు ఎక్కొద్దు. మిగతా సగం నాది," అన్నాను.

ఆదివారం పొద్దున వెళ్ళి, ఆయన ఆగిన మెట్టు ఎక్కడో చూపిస్తే అక్కణ్ణుంచి మోకాళ్ళ మీద ఎక్కాను. ఆయన పక్కనే నడుస్తూ, నేను ఆగినప్పుడల్లా ఆగాడు. వెయ్యి మెట్లు ఉంటాయని నేనంటాను. వందైనా ఉండవని ఆయన అంటాడు. నా ప్యాంటు మోకాళ్ళ దగ్గర చిరిగిన మాట మాత్రం ఇద్దరం ఒప్పుకుంటాం. అక్క నేర్పినట్టే పాత ప్యాంటు గుడ్డతో మాసిక వేసుకున్నాను, తొడుక్కుంటున్నాను.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఫ్యాను నాలుగు మీద పెట్టి, మోకాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాను. వచ్చేసరికి నాలుగు మీదే తిరుగుతోంది. క్యాలెండరు గోడకేసి కొట్టుకుంటోంది. గుమ్మంలోనే నిలబడ్డాను.

"అక్కా, కరెంటు మనదే," అన్నాను.

ఫ్యాను అలాగే తిరిగింది.

కుంటుకుంటూ వెళ్ళి, రెండు మీద పెట్టి, వచ్చి కూర్చున్నాను.