జీలుగాకుల పందిరి

మా పెద్దమ్మ పుష్పవల్లికి మీటింగులంటే ఒళ్ళు మంట. అయినా ఎర్రకొండ పండగ కమిటీ పెట్టిన తొమ్మిది మీటింగులకూ వచ్చింది. వెనక వరుసలో కూర్చుని, లక్కీ డ్రాలో మొదటి బహుమతి రైస్ కుక్కరా, ఫ్యానా అని గంటన్నర సాగిన వాదన విని, పళ్ళు బిగించుకుని ఇంటికి పోయేది. ఆ కమిటీకి మినిట్స్ రాసేది నేనే. కొండ కోసం చందాలు పోగుచేసే పండగలో కొండ మాట ఎత్తినవాడు లేడని నా నోటుపుస్తకం తిరగేస్తే తెలుస్తుంది.

ఎర్రకొండ మలేసియాలో బంటింగ్ ఊరి దగ్గర, మావాళ్ళు కూలికి పనిచేసిన పాత ఎస్టేటు వెనక ఉంది. రోడ్డుకు మట్టి కావాలని ఒకప్పుడు దాని తూర్పు వైపంతా తవ్వుకుపోయారు. మిగిలిన అడవికి రక్షిత వనమని బోర్డు తగిలించి, కంచెకూ కాలిదారికీ డబ్బులు ఊరివాళ్ళే చూసుకోండన్నారు. అందుకే ఏటా తమిళ బడి మైదానంలో ఈ పండగ చేస్తాం.

తవ్విన వైపు రెల్లుగడ్డి తప్ప మరేమీ మొలవలేదు. పెద్దమ్మ రబ్బరు గ్లవ్స్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు ప్యాకింగ్ పని చేసి, మోకాళ్ళు అరిగి మానేసింది. మానేసిన మనిషి ఇంట్లో కూర్చోవాలి కదా. కూర్చోలేదు. కొండదారి వెంట పునుగుపిల్లి పెంటికలు ఏరుకొచ్చింది. వాటిలో జీలుగు గింజలుంటాయి, జీలుగంటే తాటి జాతి చెట్టు. జీలుగు పండు చేత్తో ఒలిస్తే రెండు రోజులు దురద వదలదు. పునుగుపిల్లి తిని వదిలిన గింజకు ఆ బాధ ఉండదు. ఆ గింజల్ని పాలపొడి డబ్బాల్లో మొలకెత్తించి, నలభై ఒక్క మొక్కలు ఆ వాలులో నాటింది. మోటారుసైకిలు మీద నూనె డబ్బాలతో నీళ్ళు మోసింది. ఇరవై మూడు బతికాయి. నాలుగేళ్ళకు మనిషెత్తయి, చేప తోకల్లాంటి ఆకులు విప్పాయి. ఇవి కాయలు కాస్తే పునుగులూ పక్షులూ వస్తాయి, అవి తెచ్చి పడేసే గింజలతో మిగతా అడవి దానంతటదే వస్తుందని ఆమె ధీమా.

ఈ ఏడు పండగనాడు క్వాలాలంపూర్ నుంచి ఒక ప్రకృతి సంఘం వాళ్ళు ఆ వాలు చూడ్డానికి వస్తామన్నారు. మొక్కలు బాగున్నాయనిపిస్తే వాలు మొత్తం పెద్దమ్మ చేతికి అప్పగిస్తారు. నారు వాళ్ళదే, నీళ్ళ పైపు వాళ్ళదే. బాగులేదనిపిస్తే కాంట్రాక్టరు వచ్చి పునుగుకీ పక్షికీ తిండి పెట్టని అకేసియా చెట్లు వరసగా పాతేసి పోతాడు. తొమ్మిది మీటింగులు ఆమె భరించింది దీనికోసమే.

తొమ్మిదో మీటింగులో అలంకరణ మాట వచ్చింది. మా అధ్యక్షుడు సాలమన్‌గారు మెత్తని మనిషి, ఎవరినీ నొప్పించడు, ఏ పనీ తేల్చడు. క్లాంగ్‌లో ప్లాస్టిక్ జెండాలు చవగ్గా దొరుకుతున్నాయన్నాడు. అప్పుడు లేచింది పెద్దమ్మ.

“కొండకి సేసే పండగలో పిలాస్టిక్ ఏటి? మన ఎస్టేటులో పెళ్ళికి కట్టినట్టు పచ్చాకు పందిరి కట్టాల.”

ఎవరు కడతారని సాలమన్‌గారు అడిగితే, అప్పడు చిన్నాన్న ఉన్నాడుగా అంది. ఆయన నాకు తాత వరస, డెబ్బై నాలుగేళ్ళు. ఎస్టేటు పద్ధతిలో పందిరి కట్టడం తెలిసిన చివరి మనిషి. ఆయన కొడుకులే ఇప్పుడు ఫోను చేసి గుడ్డ పందిళ్ళు తెప్పించుకుంటారు. ‘పుష్పవల్లిగారి కోరికపై పచ్చాకు పందిరి, బాధ్యత అప్పడుగారిది’ అని రాసుకున్నాను. ఆకు ఎక్కడినుంచి వస్తుందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పండగకు ముందు రెండు రోజులు పెద్దమ్మ కొండ వైపు పోలేదు. పండగలో పెట్టే మా స్టాలుకు మురుకులు వండడంతోనే సరిపోయింది. ఆదివారం పొద్దున్నే ఇద్దరం డబ్బాలు మోసుకుని బడి గేటు దగ్గరికి వచ్చాం. పందిరి సిద్ధంగా ఉంది. అంత అందమైన పందిరి నేను పుట్టాక చూడలేదు. గేటుకు రెండు పక్కలా నిలువెత్తు జీలుగులు, పైన జీలుగాకుల కప్పు, అంచుల వెంట తోరణాలు. పెద్దమ్మ డబ్బా కింద పెట్టి ఒక మొదలు తడిమి చూసింది. కత్తి వేటు ఇంకా తడిగానే ఉంది.

“సిన్నాన్నా, ఈ ఆకు ఎక్కడిది?”

“నువ్వు నాటినదేనమ్మా. పందిరికే కదా నాటినావు లా?” అన్నాడు అప్పడు తాత, మాట చివర మా మలేసియా ‘లా’ తగిలించి, సంతోషంగా.

ఆయన తప్పేమీ లేదు. అదే నా కడుపుమంట. ఎస్టేటులో కూలీల లైను ఇళ్ళ వెనక మూడో నాలుగో జీలుగులు పెంచేవారు. పెళ్ళికీ అమ్మవారి పండగకీ ఎవరికి కావలిస్తే వాళ్ళు నరుక్కునేవారు, అడిగే పనే లేదు. మా అమ్మమ్మ ఇంటి వెనకా ఉండేవట. ఇప్పుడు ఎస్టేటు లేదు. తాత కొబ్బరాకుల కోసం రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగితే ఎవరూ ఒక్క మట్ట ఇవ్వలేదు. ఆఖరికి వాలు మీద వరసగా జీలుగులు కనబడ్డాయి. నాటింది మన తెలుగు మనిషి, పందిరి కట్టమని పేరు పెట్టి పిలిచిందీ ఆమే. ఆయన ఇంకేమనుకుంటాడు? ఇరవై మూడూ మొదలంటా నరికి తెచ్చాడు.

పెద్దమ్మకు కోపం వస్తే నాలుగిళ్ళ అవతలికి వినిపిస్తుంది. ఆ పూట మాత్రం ఆయన మొహం చూసింది, పందిరి చూసింది, పక్కనున్న ఖాళీ డబ్బాను ఒక్క తన్ను తన్ని మైదానంలోకి పోయింది. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

సంఘం వాళ్ళు పది గంటలకు వస్తారు. అడవి పందులు పాడుచేశాయని చెబుదామని సాలమన్‌గారు గుసగుసలాడాడు. నిజం చెప్పాలంటే నేనూ సరేనన్నాను.

“పంది కత్తి పట్టదు లా,” అంది పెద్దమ్మ.

వళ్ళియమ్మై అనే ఆవిడ ఇద్దరిని వెంటబెట్టుకుని కారు దిగింది. పెద్దమ్మ వాళ్ళను కొండ ఎక్కించలేదు, ముందు గేటు దగ్గర నిలబెట్టింది. తను నాటినవాటిలో ఇరవై మూడు బతికాయి, అన్నీ ఇక్కడే ఉన్నాయి, లెక్క చూసుకోండి అని తమిళంలో చెప్పింది. ఎవరు నరికారని వళ్ళియమ్మై అడిగితే, పందిరి అడిగింది తానే అంది పెద్దమ్మ. అప్పడు తాత పేరు ఎత్తలేదు.

తాత మాత్రం అక్కడే నిలబడి అంతా విన్నాడు. తలపాగా విప్పి చేత్తో నలుపుకుంటూ పక్కకు పోయి కూలబడ్డాడు.

వళ్ళియమ్మై పైకి వెళ్ళి చూసి వచ్చింది. మోళ్ళ పక్కన పిలకలు రావచ్చని ఓదార్పుగానే చెప్పింది. కానీ తాను చూసింది చూసినట్టే రాయాలి, ఈ వానాకాలానికి వాలు కాంట్రాక్టరుకే వెళుతుందంది. ఆవిడ ఆ మాట అంటుంటే మైకులో సాలమన్‌గారు పోయినేటికన్నా రెట్టింపు చందా వచ్చిందని ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు. వచ్చినవాళ్ళలో పందిరి కింద ఫోటో దిగని కుటుంబం లేదు. ఇంత బాగా ఎవరు చేయించారని అడిగినవాళ్ళందరికీ పెద్దమ్మ పేరే చెప్పారు. ఒళ్ళు మండిపోయింది నాకు.

సాయంత్రం అప్పడు తాత పందిరి ఒక్కడే విప్పాడు. పొద్దుటినుంచి ఏమీ తినలేదు. పెద్దమ్మ తన అన్నం పొట్లం ఆయన చేతిలో పెట్టి, తినేదాకా ఎదురుగా నిలబడింది. తర్వాత ఇద్దరూ ఆకులన్నీ మోపులు కట్టారు. ఎండకు వేళ్ళు మాడకుండా మోళ్ళ చుట్టూ కప్పాలట. వాలు కాంట్రాక్టరు పాలయ్యాక అదెందుకని అనిపించినా తాడు అందించాను.

మోపు మోటారుసైకిలు వెనక కట్టి, పెద్దమ్మ నన్ను పుస్తకం తియ్యమంది.

“రాయవే ప్రియా. వచ్చే ఏడు పిలాస్టిక్ జెండాలే కట్టాల.”

ఎవరి కోరికపై అని రాయమంటావని అడిగాను. ఆమె తాత వైపు చూసింది. ఆయన తల దించుకుని తాడు బిగిస్తున్నాడు.

“నా పేరే రాయి,” అంది.