వంశమూలాలు వెతికిన భైరవావధానులు గారు

బ్రహ్మశ్రీ భైరవావధానులు గారు కొత్తపేటలో పరమపదించారన్న వార్త వినగానే నిశ్చేష్టుణ్ణయ్యాను. తిట్టుకోవడానికైనా అంతటి పండితుడు ఇక దొరకడు గదా అన్న దిగులూ అందులో ఉంది. ఆయన మా అక్కయ్యకూ నాకూ గురువు. అక్కయ్య పెళ్లి చెడగొట్టినదీ ఆయనే.

శాసన పరిశోధనలో ఈ సీమలో ఆయనకు సాటి లేరు. ఇంగ్లీషు కూడా సొంతంగా నేర్చినవారు. కాలవల ఇంజనీరుగా ఉన్న స్కాట్లండు దొర ఒకాయన తమది పెద్ద ప్రభువంశమనీ, మూలం తేల్చమనీ తన పాత పుస్తకాలన్నీ ఆయన ముందు పెట్టాడు. వందల ఏళ్ల నాటి ఆ మూలపురుషుడు రాజుగారి గుర్రాలకు మేత వేసినవాడని అవధానులు గారు తేల్చారు. దొర పకపకా నవ్వి, కనిపించిన వాళ్లందరికీ ఆ మాట చెప్పుకుని మురిశాడు. ఆ మురిపెమే మా కొంప ముంచింది. గొప్పింటి వారందరూ అలాగే మురుస్తారని గురువు గారు నిశ్చయించుకున్నారు.

మా నాన్నగారు జమీందారు. రెడ్డిరాజుల సేనాపతి సంతతి మాది అని మీసం దువ్వేవారు. అక్కయ్య పెళ్లిలో ప్రవర చెప్పుకునే వేళ మగపెళ్లివారు మా వంశచరిత్ర వినిపించమన్నారు. అవధానులు గారు గొంతు సవరించుకున్నారు.

"వీరి మూలపురుషుడు పల్లకీ మోసిన బోయీ అండీ. గుడి స్తంభం మీద చెక్కి ఉంది. భుజబలంతో ఇంతవారయ్యేరు, ఎంత గొప్పో చూడండి."

మగపెళ్లివారు లేచి వెళ్లిపోయారు. నాన్నగారు ఆయన్ని మెడపట్టి గెంటించారు. పెళ్లిబట్టల్లోనే అక్కయ్య గుమ్మం దాకా వెళ్లి, "ఒక్క పూట ఆగలేకపోయేరా గురువుగారూ?" అంది.

"సత్యానికి ముహూర్తం ఉండదమ్మా" అన్నారాయన.

శిష్యులు దాన్ని ఇప్పటికీ సుభాషితంలా వల్లిస్తారు. అక్కయ్యకు మాత్రం మళ్లీ సంబంధం రాలేదు.

అవధానులు గారికి సంతానం లేదు. కర్మ ఒక శిష్యుడు చేశాడు; అక్కయ్యా నేనూ వెళ్లాం. పన్నెండో నాడు ప్రేతాన్ని పితృదేవతల్లో కలపడానికి తండ్రి, తాత, ముత్తాతల పేర్లు కావలసి వచ్చాయి. ఊరందరి పూర్వులనూ తవ్వి తీసిన మనిషికి తండ్రి ఎవరో అక్కడ ఎవరూ చెప్పలేకపోయారు. పురోహితుడు అక్కయ్య వైపు తిరిగాడు.

"చిన్నప్పట్నుంచీ ఆయన దగ్గర చదివేరు కదండీ, తమకేమైనా తెలుసాండీ?"

"తెలీదండీ" అంది అక్కయ్య.

పేర్లు తెలియని వారికి చెప్పే మాటలే చెప్పి, పిండాలు కలిపేశారు. తిరిగి వస్తూ కాలవగట్టు మీద అక్కయ్య ఆ మూడు పేర్లూ గడగడా నాకు అప్పజెప్పింది. తొలి శిష్యురాలని ఆమెకు ఆయన ముందుగా నేర్పినవి అవేనట.

"మరి అక్కడ చెప్పలేదేమే?" అన్నాను.

"అడిగినప్పుడల్లా నిజం చెప్పాలేంట్రా?"

గురువు గారి లోటు తీరనిది. అంతటి సత్యసంధుడు ఈ గడ్డ మీద మళ్లీ పుట్టడు. ఆయన పాదాలకు వందనం చేస్తున్నాను. ఆ మూడు పేర్లూ ఈ వ్యాసంలోనూ రాయడం లేదు.