పల్లంలో దొరికిన రాయి

బాన్సువాడలో పిట్లం బస్సు కదిలిన కాసేపటికి, నా పక్కన కూర్చున్నావిడ నా సంచి పట్టీని గట్టిగా పట్టుకుంది.

"నిన్న మా పల్లంల టేపు వెట్టి కొలిచింది నువ్వే గద సారు? భూములు గుంజుకుంటరా ఏంది?"

ఆమెకు యాభై ఏళ్లుంటాయి. మెల్లగానే అడిగినా, ముందు సీట్లవాళ్లు మాటలు ఆపి మావైపు తిరిగారు.

"నేను సర్కారు మనిషిని కానక్కా. ఎప్పుడో ఆకాశం నుంచి ఉల్క పడి ఆ పల్లం ఏర్పడిందేమోనని చూస్తున్నా. నాకదొక పిచ్చి," అంటూ అక్కడ ఏరిన రాయిని తీసి చూపించాను. దాని మీద, ఉల్క దెబ్బకు రాళ్లలో పడతాయని చెప్పే, గుర్రం తోకలా విచ్చుకున్న గీతలున్నాయి.

ఆమె ఆ గీతలను వేలితో తడిమింది. "గిది నిజమని తేలితే ఏమైతది?"

అబద్ధం చెప్పలేకపోయాను. "పెద్ద పెద్దవాళ్లు వస్తారు. చుట్టూ కంచె వేసినా వేస్తారు."

"మాకున్నవి గా రెండెకరాలే సారు."

రాయిని తానే నా సంచిలో పెట్టి, జిప్పు వేసి, పిట్లంలో దిగిపోయింది.

రాయిని పరీక్షకు పంపేందుకు తెచ్చుకున్న కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దొరికిన ఊరు అన్న చోట తప్ప అన్నీ నింపాను.